సీమంకీలో బ్రౌజర్, మెయిల్ ఒకేచోట: మొదటి రోజే సరిగ్గా పెట్టుకోవడం ఎలా

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టు గుమస్తాకి ఈ సంగతి ఫోన్లో మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి ఆయనే, "ఇట్లా కాదు సార్, వరసగా రాసియ్యండి, గోడకి అంటించుకుంటా" అన్నాడు. బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసు వాళ్లదీ, విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపు వాళ్లదీ అదే మాట. అందరికీ కావలసింది ఒకటే: బ్రౌజరూ మెయిలూ ఒకే ప్రోగ్రాంలో ఉండాలి, లైసెన్సు గొడవ ఉండకూడదు, పాత కంప్యూటర్ మీద కూడా నడవాలి.

పూర్తిగా ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి వాడుకోగలిగేది) అయి, ఇప్పటికీ వెర్షన్లు వస్తున్నవాటిలో నేను ధైర్యంగా చెప్పగలిగింది సీమంకీ ఒక్కటే. వివాల్డీ అనే బ్రౌజర్లో కూడా మెయిల్ ఉంది, చక్కగానే ఉంటుంది. కానీ దాని పైకి కనిపించే భాగం కోడ్ ఓపెన్ సోర్స్ కాదు. ఆ పట్టింపు లేనివాళ్లు వివాల్డీ పెట్టుకోవచ్చు. ఇక్కడ రాసేదంతా సీమంకీ గురించే.

## 1. ముందు తేల్చుకోండి: ఇది మీకు సరిపోతుందా?

సీమంకీ బ్రౌజర్ భాగం కొంచెం పాతకాలపుది. ఇప్పుడు నడుస్తున్న 2.53 వరస వెర్షన్లకు పునాది పాత ఫైర్‌ఫాక్స్ కోడ్. భద్రతకు సంబంధించిన సవరణలను కొత్త ఫైర్‌ఫాక్స్ నుంచి తెచ్చి కలుపుతూ ఉంటారు. అయినా కొత్త రకం జావాస్క్రిప్ట్ మీద నడిచే సైట్లు కొన్ని సగమే తెరుచుకుంటాయి, కొన్ని తెల్ల పేజీ చూపించి ఊరుకుంటాయి.

అందుకని నా పద్ధతి ఇది: మెయిల్ అంతా, మెయిల్లో వచ్చే మామూలు లింకులు, వార్తలు సీమంకీలో. బ్యాంకు, పన్నులు, రిజర్వేషన్, వీడియో కాల్ మాత్రం పక్కనే ఇంకో బ్రౌజర్లో. "అన్నీ ఒకేచోట" అని పెట్టుకుని మళ్లీ రెండోదెందుకు అని ఆడిటర్ గారు అడిగారు. రిటర్ను గడువు చివరి రోజు రాత్రి పేజీ తెరుచుకోకపోతే మీ టెన్షన్ ఎవరూ తీర్చలేరు, అందుకు.

సీమంకీ వద్దనుకోవాల్సిన వాళ్లు:

- హాట్‌మెయిల్, అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతా ఉన్నవాళ్లు. 2024 సెప్టెంబర్ నుంచి మైక్రోసాఫ్ట్ అక్కడ ఉత్త పాస్‌వర్డ్‌తో మెయిల్ దించుకోనివ్వడం లేదు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకోండి, తలనొప్పి ఉండదు.
- ఇప్పటి ఫైర్‌ఫాక్స్, క్రోమ్ యాడాన్లు లేకపోతే పని జరగనివాళ్లు. అవి ఇందులో ఎక్కవు.
- మెనూలు తెలుగులోనే కావాలనేవాళ్లు. మెయిల్ తెలుగులో హాయిగా రాయొచ్చు గానీ, మెనూలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి.

## 2. కూర్చునే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

సగం పని అయ్యాక "పాస్‌వర్డ్ మా అబ్బాయికి తెలుసు, హైదరాబాద్‌లో ఉన్నాడు" అంటే ఆ రోజు గంట పోయినట్టే. ఇవి ముందే చూసుకోండి:

☐ మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్. ఒకసారి వెబ్‌లో లాగిన్ అయి పనిచేస్తోందని చూసుకున్నది.
☐ ఆ ఖాతాకి ఓటీపీ వచ్చే ఫోన్, చేతికందేంత దూరంలో.
☐ సొంత డొమైన్ మెయిల్ అయితే, హోస్టింగ్ వాళ్లు ఇచ్చిన సర్వర్ పేర్లు.
☐ డిస్కులో ఖాళీ. మీ మెయిల్ ఎంత ఉందో అంతకు రెండింతలు.
☐ ఒక పెన్‌డ్రైవ్. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు. ఎందుకో 9లో చెప్తాను.
☐ కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందా?

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. పాత మెషీన్లలో మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్లు వెనక్కి వెళ్లిపోతుంది. తేదీ తప్పుంటే మెయిల్ సర్వర్ సర్టిఫికెట్‌ని సీమంకీ నమ్మదు, కనెక్ట్ కానివ్వదు. ఎక్కువ కంప్యూటర్లలో అది సీఆర్2032 బిళ్లే, ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. మార్చి, తేదీ సరిచేసి అప్పుడు మొదలుపెట్టండి.

## 3. దించడం, ఎక్కించడం

సీమంకీ ప్రాజెక్ట్ అధికారిక సైటు నుంచే దించండి. అడ్రస్ సీమంకీ, చిన్న అడ్డగీత, ప్రాజెక్ట్, డాట్ ఆర్గ్, ఇంగ్లీషు అక్షరాల్లో. "ఫ్రీ డౌన్‌లోడ్" అని పచ్చ బటన్లు మెరిసే సైట్ల జోలికి పోవద్దు. వాటితో పాటు ఇంకో నాలుగు ప్రోగ్రాంలు వచ్చి కూర్చుంటాయి.

1. మీ విండోస్ 32 బిట్టా 64 బిట్టా చూసుకుని దానికి తగ్గ ఫైలు తీసుకోండి. విండోస్ 7 మీద కూడా నడుస్తుంది.
2. ఇన్‌స్టాలర్ నొక్కగానే విండోస్ నీలం తెర వేసి హెచ్చరిస్తే, దించింది అసలు సైటు నుంచేనా అని మరోసారి చూసుకుని ముందుకు వెళ్లండి.
3. కస్టమ్ ఎంచుకోండి. చాట్‌జిల్లా అనే ఐఆర్‌సీ చాట్ భాగం కనిపిస్తే టిక్కు తీసేయండి, మనకు అక్కర్లేదు.
4. "డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టమంటారా" అంటే వద్దనండి. మెయిల్‌కి మాత్రం సరే అనండి.

లినక్స్ అయితే దించిన మూటను హోమ్ ఫోల్డర్లో విప్పి, అందులోని సీమంకీ ఫైలును నడిపితే చాలు.

మొదటిసారి తెరిచాక కంట్రోల్ పట్టుకుని 1 నొక్కితే బ్రౌజర్, 2 నొక్కితే మెయిల్, 5 నొక్కితే అడ్రస్ బుక్ వస్తాయి. కింద ఎడమ మూలన ఉండే చిన్న బొమ్మలు కూడా అవే. గుమస్తా గోడ కాగితం మీద మొదట రాసింది ఈ మూడు అంకెలే.

## 4. ఐమాపా, పాపా? ఇక్కడే నిర్ణయించుకోండి

ఐమాప్ అంటే మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది, కంప్యూటర్లో దాని ప్రతి ఉంటుంది. ఫోన్లో చదివితే ఇక్కడా చదివినట్టే, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. పాప్3 అంటే మెయిల్‌ని కంప్యూటర్‌కి దించేసుకోవడం. సర్వర్ మీద ఉంచాలా వద్దా అన్నది ఒక చిన్న గడిలోని టిక్కు మీద ఆధారపడి ఉంటుంది.

ఆ టిక్కు నన్ను ఒకసారి బాగా ఇబ్బంది పెట్టింది. కమీషన్ కొట్టు వాళ్లది సొంత డొమైన్ మెయిల్. తొందరలో పాప్3 పెట్టి, "సర్వర్ మీద ఉంచు" అన్న గడి చూసుకోకుండా వచ్చేశాను. మర్నాడు పొద్దున ఏడింటికి షావుకారు గారి ఫోన్. "ఏం బాబూ, సెల్లులో ఒక్క మెయిలూ లేదేంటి? చెన్నై పార్టీ కాగితాలు అందులోనే కదా ఉన్నాయి?" రాత్రికి రాత్రి మెయిళ్లన్నీ కొట్టులోని కంప్యూటర్‌లోకి దిగిపోయి, సర్వర్ ఖాళీ అయిపోయింది.

మెయిళ్లు పోలేదు, చోటు మారాయంతే. బస్సెక్కి వెళ్లి, అదే అడ్రస్‌ని అదే సీమంకీలో ఐమాప్‌గా రెండో ఖాతా చేసి, పాత ఇన్‌బాక్స్‌లోని మెయిళ్లను ఐదొందల చొప్పున ఎంచి కొత్త ఖాతా ఇన్‌బాక్స్‌లోకి లాగి వదిలాను. అలా వదిలితే అవి తిరిగి సర్వర్‌కి ఎక్కుతాయి. ఒక్కో కట్ట ఎక్కేదాకా కదలకుండా కూర్చోవాలి, అన్నీ ఒకేసారి లాగితే మధ్యలో ఆగుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి షావుకారు గారి సెల్లులో మెయిళ్లు ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. ఆయన అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

కాబట్టి ఫోన్లో కూడా మెయిల్ చూసేవాళ్లు ఐమాప్ తప్ప ఇంకోటి ఎంచవద్దు. పాప్3 కావాల్సింది సర్వర్ మీద చోటు చాలక, ఒకే కంప్యూటర్లో చదివేవాళ్లకు మాత్రమే. వాళ్లు కూడా మొదటి వారం ఆ గడిలో టిక్కు పెట్టే ఉంచండి.

## 5. ఖాతా తగిలించడం

జీమెయిల్ ఉదాహరణగా చెప్తాను, ఎక్కువమంది ఆగేది దాని దగ్గరే.

యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. మీ మామూలు గూగుల్ పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు, ఈ ఒక్క ప్రోగ్రాం కోసం గూగుల్ ఇచ్చే విడి పాస్‌వర్డ్ కావాలి. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అది ఆన్‌లో ఉంటేనే రెండో మెట్టు దొరుకుతుంది. పై వెతుకుడు పెట్టెలో యాప్ పాస్‌వర్డ్స్ అని కొట్టి తెరిచి, "కొట్టు కంప్యూటర్" లాంటి పేరేదైనా ఇవ్వండి. 16 అక్షరాల పాస్‌వర్డ్ వస్తుంది. ఆ పెట్టె మూసేస్తే మళ్లీ చూపించదు, కాబట్టి అప్పుడే వాడేయండి. మధ్యలో ఖాళీలు ఉన్నా లేకపోయినా ఒకటే.

ఖాతా విజార్డ్. మెయిల్ కిటికీ తెరిచి, ఎడిట్ మెనూలో మెయిల్ అండ్ న్యూస్‌గ్రూప్స్ అకౌంట్ సెట్టింగ్స్, అందులో యాడ్ అకౌంట్. పేరు, అడ్రస్ ఇచ్చి ఐమాప్ ఎంచుకోండి. యూజర్ నేమ్ అడిగిన చోట పూర్తి మెయిల్ అడ్రస్ ఇవ్వాలి. ఎట్ గుర్తుకు ముందున్న ముక్క మాత్రమే ఇచ్చి, పాస్‌వర్డ్ తప్పంటోందని తలపట్టుకునేవాళ్లు చాలామంది. "మెయిళ్లు ఇప్పుడే దించాలా" అన్న గడి కనిపిస్తే టిక్కు తీసేయండి.

సర్వర్ వివరాలు. విజార్డ్ పోర్టు, సెక్యూరిటీ అడగకుండానే ముగిస్తే కంగారు పడకండి. మళ్లీ అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సర్వర్ సెట్టింగ్స్‌లో ఇవి పెట్టండి (అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో):

- వచ్చే మెయిల్: ఐమాప్ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 993, సెక్యూరిటీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, ఆథెంటికేషన్ నార్మల్ పాస్‌వర్డ్
- పోయే మెయిల్: ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 465, సెక్యూరిటీ, ఆథెంటికేషన్ పైలాగే

465 కుదరకపోతే 587 పెట్టి, సెక్యూరిటీని స్టార్ట్‌టీఎల్ఎస్‌కి మార్చండి. పోయే మెయిల్ సర్వర్లన్నీ సెట్టింగుల ఎడమ పట్టీలో అట్టడుగున విడిగా ఉంటాయి, ఖాతా కింద వెతకొద్దు.

యాహూకి కూడా యాప్ పాస్‌వర్డ్ కావాలి. సర్వర్ పేర్లలో ఐమాప్, ఎస్ఎంటీపీ తర్వాత డాట్ మెయిల్ డాట్ యాహూ డాట్ కామ్ వస్తుంది, పోర్టులు ఇవే.

రెండో ఖాతా పెట్టేవాళ్లు ఆగి చూడండి. సీమంకీ రెండో ఖాతాకి కూడా మొదటి ఖాతా పోయే సర్వర్‌నే తగిలించేస్తుంది. మెయిల్ పోదు, లేదా తప్పు అడ్రస్ మీదుగా పోతుంది. కొత్త సర్వర్ కలిపి, ఆ ఖాతా పేరు మీద నొక్కి, కుడివైపున అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర సరైనది ఎంచుకోండి.

ఇక మెయిల్ దించే ముందు ఈ మూడు మార్చండి. ఈ వరసలోనే:

1. వెబ్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో లేబుల్స్ దగ్గర ఆల్ మెయిల్ అన్నదానికి "షో ఇన్ ఐమాప్" టిక్కు తీసేయండి. తీయకపోతే ప్రతి మెయిలూ రెండుసార్లు దిగుతుంది.
2. సీమంకీలో కాపీస్ అండ్ ఫోల్డర్స్ దగ్గర, పంపిన మెయిల్ నకలు దాచమనే గడిలో టిక్కు తీసేయండి. జీమెయిల్ తనే సెంట్‌లో దాచుకుంటుంది. ఇది జీమెయిల్‌కి మాత్రమే. సొంత డొమైన్ మెయిల్‌కి టిక్కు ఉంచాలి, లేకపోతే పంపినవి ఎక్కడా ఉండవు.
3. సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్‌లో మొదట 365 రోజుల మెయిల్ చాలు అని పెట్టండి. జీమెయిల్ ఐమాప్ ద్వారా రోజుకు 2500 ఎంబీ వరకే దించుకోనిస్తుంది. పది జీబీ ఒకేసారి లాగితే కాసేపు తలుపు మూసేస్తుంది. తర్వాత నెమ్మదిగా పెంచుకోవచ్చు.

ఇప్పుడు గెట్ మెసేజెస్ నొక్కండి. పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఆ 16 అక్షరాలు. మీ ఫోన్లో ఉన్న ఇంకో అడ్రస్‌కి ఒక మెయిల్ పంపి, అక్కడి నుంచి జవాబు తెప్పించుకోండి. రెండు వైపులా నడిచాకే లేవండి.

## 6. మొదటి గంటలో మార్చాల్సిన సెట్టింగులు

అన్నీ ఎడిట్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో ఉంటాయి. చాలామంది టూల్స్‌లో వెతుకుతారు, అక్కడ లేదు.

☐ అప్పియరెన్స్: సీమంకీ తెరవగానే బ్రౌజరూ మెయిలూ రెండూ రావాలంటే రెండిటికీ టిక్కు.
☐ మెయిల్ విభాగంలో మెసేజ్ డిస్‌ప్లే: బయటి బొమ్మలను ఆపే గడిలో టిక్కు ఉండాలి. ప్రకటనల మెయిళ్లు మీరు తెరిచారని పసిగట్టేది ఆ బొమ్మలతోనే.
☐ మాస్టర్ పాస్‌వర్డ్ (సీమంకీ దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నిటికీ వేసే తాళం): నలుగురు కూర్చునే కంప్యూటర్ అయితే తప్పనిసరి. మర్చిపోతే మాత్రం దాచిన పాస్‌వర్డ్‌లన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టడమే.
☐ జంక్: మొదటి రెండు వారాలు చెత్త మెయిల్ కనిపించినప్పుడల్లా జంక్ బటన్ నొక్కండి, మంచిది పొరపాటున అందులో పడితే నాట్ జంక్ అనండి. అది మిమ్మల్ని చూసే నేర్చుకుంటుంది.

## 7. తెలుగు సరిగ్గా కనపడాలంటే

విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంటు ఉంటుంది, తెలుగు బాగానే కనిపిస్తుంది. విండోస్ 7లో గౌతమి ఉంటుంది. మెయిల్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే, వ్యూ మెనూలో టెక్స్ట్ ఎన్‌కోడింగ్‌ని యూనికోడ్‌కి మార్చి చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

మిగతా సగం మన ఊళ్ల ప్రత్యేకం. విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. పుస్తకాల షాపు వాళ్లకు ప్రూఫులు అలాగే వస్తాయి. అను ఫాంటులో కొట్టిన మాటర్ కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తే, అవతల కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అది సీమంకీ తప్పు కాదు, ఏ ఎన్‌కోడింగ్ మార్చినా బాగుపడదు. ప్రెస్సు వాళ్లను పీడీఎఫ్ పంపమనండి, లేదా యూనికోడ్‌కి మార్చి పంపమనండి.

## 8. బ్రౌజర్ భాగంతో సర్దుకోవడం

మెయిల్‌లో లింకు నొక్కితే సీమంకీ బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, అదే దీని సుఖం. బ్యాంకు లింకైతే మాత్రం అసలు నొక్కొద్దు. రెండో బ్రౌజర్ తెరిచి, బ్యాంకు అడ్రస్ మీరే టైపు చేయండి.

సైటు "మీ బ్రౌజర్ పాతది" అని మొరాయిస్తే, ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ కింద హెచ్‌టీటీపీ నెట్‌వర్కింగ్‌కి వెళ్లి, యూజర్ ఏజెంట్ (బ్రౌజర్ సైటుకి చెప్పుకునే పేరు) దగ్గర ఫైర్‌ఫాక్స్‌గా చెప్పుకునే ఎంపిక ఉందేమో చూసి పెట్టండి. పేరు చూసి అడ్డుకునే సైట్లు దీంతో తెరుచుకుంటాయి. నిజంగానే కొత్త జావాస్క్రిప్ట్ కావాల్సినవి తెరుచుకోవు. వాటితో కుస్తీ పట్టడం దండగ.

ప్రకటనలు ఆపడానికి యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడాన్ పాత వెర్షన్, లెగసీ అన్నది, పనిచేస్తుంది.

## 9. ప్రొఫైల్, బ్యాకప్, కాంపాక్ట్

మీ మెయిళ్లు, అడ్రస్ బుక్, బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు అన్నీ ప్రొఫైల్ అనే ఒక్క ఫోల్డర్లో ఉంటాయి. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కి, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య యాప్‌డేటా అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేయండి. అక్కడ మొజిల్లా, దానిలో సీమంకీ, దానిలో ప్రొఫైల్స్. లినక్స్‌లో హోమ్‌లో దాగి ఉండే డాట్ మొజిల్లా ఫోల్డర్లో.

బ్యాకప్ అంటే సీమంకీ పూర్తిగా మూసి, ఆ సీమంకీ ఫోల్డర్ మొత్తాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడమే. తెరిచి ఉండగా కాపీ చేస్తే సగం రాసిన ఫైళ్లు వస్తాయి, అవసరమైన రోజున తెరుచుకోవు. కమీషన్ కొట్లో శనివారం సాయంత్రం లెక్కలు మూసే ముందు ఈ పని. నెలకి నాలుగు ప్రతులు, తేదీ పేరుతో.

ఇందాకటి ఫ్యాట్32 సంగతి. సీమంకీలో ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఒకే పెద్ద ఫైలుగా ఉంటాయి. ఇన్‌బాక్స్ అంటే ఇన్‌బాక్స్ అనే పేరుతో, చివర ఏమీ లేని ఒక ఫైలు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును పట్టదు. పెన్‌డ్రైవ్‌లో ముప్పై జీబీ ఖాళీ ఉన్నా "ఫైలు మరీ పెద్దది" అంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌గా గానీ ఎన్‌టీఎఫ్ఎస్‌గా గానీ ఫార్మాట్ చేసుకోండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట పెట్టండి.

ఒకే ఫైలు కావడం వల్ల ఇంకో విషయం: మెయిల్ డిలీట్ చేసినా ఆ ఫైలు తగ్గదు. ఫైల్ మెనూలో కాంపాక్ట్ నొక్కితేనే తగ్గుతుంది. నెలకోసారి చేయండి, యూపీఎస్ ఉన్నప్పుడే చేయండి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు మీద నమ్మకంతో రెండు జీబీ ఇన్‌బాక్స్‌ని కాంపాక్ట్ చేయొద్దు.

కొత్త వెర్షన్ల కోసం ప్రోగ్రాం తనంతట తనే చెప్తుందని కూర్చోవద్దు. రెండు నెలలకోసారి సైటు చూసి, వెర్షన్ మారితే బ్యాకప్ తీసి, కొత్తది పాతదాని మీదే ఎక్కించండి.

## 10. ఫిల్టర్లు, ఒక జాగ్రత్త

టూల్స్‌లో మెసేజ్ ఫిల్టర్స్. కొట్లో మేం పెట్టినవి రెండే: సబ్జెక్టులో "తేజ" ఉంటే ఒక ఫోల్డర్‌కి, "334" ఉంటే ఇంకోదానికి. ఇవి మిర్చి రకాలు, కొనుగోలుదార్లు రకం పేరు తప్పకుండా రాస్తారు కాబట్టి కుదిరింది.

ఇవి నడిచేది సీమంకీ తెరిచి ఉన్నప్పుడే. కొట్టు మూసిన రాత్రి వచ్చిన మెయిళ్లు ఫోన్లో ఇన్‌బాక్స్‌లోనే కనిపిస్తాయి, పొద్దున కంప్యూటర్ పెట్టగానే మాయమై వేరే ఫోల్డర్లోకి పోతాయి. షావుకారు గారు మళ్లీ ఫోన్ చేశారు. ఆయనకి ముందే చెప్పి ఉండాల్సింది.

## 11. ఆగిపోతే: లక్షణం, కారణం, మందు

నిన్నటిదాకా వచ్చిన మెయిల్ ఇవాళ పాస్‌వర్డ్ తప్పంటోంది. ఇంట్లో ఎవరో గూగుల్ పాస్‌వర్డ్ మార్చారేమో కనుక్కోండి. అది మారితే పాత యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. కొత్తది తీసుకోండి.

"సీమంకీ ఇప్పటికే నడుస్తోంది" అంటుంది, కిటికీ మాత్రం లేదు. టాస్క్ మేనేజర్‌లో సీమంకీని ముగించండి. అయినా అంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. అప్పటికీ వదలకపోతే ప్రొఫైల్‌లో పేరెంట్ డాట్ లాక్ అనే ఫైలు తీసేయండి.

ఫోల్డర్లో మెయిళ్ల లెక్క ఒకటి, కనిపించేవి ఇంకొన్ని. సూచిక చెడింది. సీమంకీ మూసి, ప్రొఫైల్‌లో ఆ ఫోల్డర్ పేరుతో, చివర డాట్ ఎంఎస్ఎఫ్ అని ఉన్న ఫైలు మాత్రమే తీసేయండి. తెరవగానే మళ్లీ తయారుచేసుకుంటుంది. చివర ఏమీ లేని ఫైలును ముట్టుకోవద్దు, మెయిళ్లు ఉన్నది అందులోనే.

పాప్3 ఇన్‌బాక్స్ మొత్తం ఒక్కసారిగా మాయం. యాంటీవైరస్ క్వారంటైన్ చూడండి. ఒక్క మెయిల్‌లో వైరస్ ఉందని ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్నీ పట్టుకెళ్లి ఉంటుంది. తిరిగి తెప్పించి, ప్రొఫైల్ ఫోల్డర్‌ని మినహాయింపుల్లో పెట్టి, ఆ మెయిల్ ఏదో చూసి తీసేసి, ట్రాష్ ఖాళీ చేసి, కాంపాక్ట్ చేయండి.

20 ఎంబీ ఫొటోలు పెడితే మెయిల్ వెనక్కొచ్చింది, జీమెయిల్ పరిమితి 25 కదా? జతచేసిన ఫైలు మెయిల్లో ప్రయాణించేటప్పుడు దాదాపు మూడో వంతు లావెక్కుతుంది. 18 ఎంబీ దాటకుండా చూసుకోండి. మిర్చి లాట్ ఫొటోలు ఫోన్ నుంచి వచ్చినవి ఒక్కోటీ నాలుగైదు ఎంబీ ఉంటాయి, మెయిల్‌కి మూడు చాలు.

## 12. కొత్త కంప్యూటర్‌కి మారడం

కొత్తదాంట్లో సీమంకీ ఎక్కించి, ఒకసారి తెరిచి మూయండి. వెర్షన్ పాతదానితో సమానం గానీ పైది గానీ కావాలి. పాత దానిలోని మొజిల్లా కింద ఉన్న సీమంకీ ఫోల్డర్ మొత్తాన్నీ తెచ్చి కొత్తదాంట్లో అదే చోట పెట్టండి. ప్రొఫైల్స్ ఒక్కటే తెస్తే చాలదు, పక్కనే ఉండే ప్రొఫైల్స్ డాట్ ఐఎన్ఐ ఫైలు కూడా రావాలి. ఏ ప్రొఫైల్ తెరవాలో చెప్పేది అదే.

తెరవగానే ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, అడ్రస్ బుక్ అన్నీ ఎక్కడివక్కడే ఉండాలి. ఉంటే పాత కంప్యూటర్‌ని వెంటనే ఎవరికీ ఇచ్చేయకండి, నెల రోజులు పక్కన పెట్టండి. ఇచ్చే రోజున అందులోని ఆ ఫోల్డర్ తీసేసి, గూగుల్ ఖాతాలోకి వెళ్లి "కొట్టు కంప్యూటర్" పేరుతో ఉన్న యాప్ పాస్‌వర్డ్ రద్దు చేసి, కొత్త మెషీన్‌కి కొత్తది తీసుకోండి.